ముప్పై దగ్గరి గీత

హైదరాబాద్
9 జూన్ 2024

చంద్రభాగ అత్తకు,

నీ మేనకోడలు ఋతుజ. ముందు నా అక్షరాలు చూసి నవ్వకు. నాలుగో తరగతి దాకానే తెలుగు బడి, ఆ తర్వాత అంతా మరాఠీ, ఇంగ్లీషు. ఇక్కడ హాస్టల్లో ఎలాగూ అందరూ నవ్వుతున్నారు. "మగ్ నేను వచ్చిన, పణ్ నువ్వు లేవు" అని మరాఠీ మాటలు కలిపి అన్నానని ఒకమ్మాయి ఆ ముక్కను నోట్‌బుక్కులో రాసుకుంది. షోలాపూర్‌లో ఉన్నన్నాళ్ళూ మనం తెలుగోళ్ళం. ఇక్కడికొచ్చాక నేను మరాఠీ పిల్లనైపోయాను.

అశ్విని పెళ్ళిలో, కూతురి అప్పగింతలప్పుడు ఏడవాల్సిన నువ్వు నన్ను మూలకు లాక్కెళ్ళి అడిగావు గుర్తుందా? "పోరీ, ఆడ ఏం చదువుతున్నవు? మీ నాయిన్ను అడిగితె ఏందో మిషిని అంటడు." ఫోన్‌లో చెబుతానంటే వద్దన్నావు. "ఒక్క అర్రల ఆరుగురం. ఫోన్ల మాట్లాడితె కోడలు ఇంటది, గోడవతల గంగుబాయి ఇంటది. చీటి రాయి. మా ఇంట్ల తెలుగు అక్షరం చదివేటిదాన్ని నేనొక్కదాన్నే మిగిలిన."

అందుకే ఈ చీటి.

నేను చేసేది ఇది. గట్టి పదార్థం ఏదైనా మెత్తగా నూరి, చిన్న పళ్ళెంలో చదును చేసి, దాని మీదికి ఎక్స్‌రే వదులుతాను. మిషను మెల్లగా తిరుగుతుంది. కొన్ని కోణాల దగ్గర మాత్రమే ఆ కిరణం బలంగా మళ్ళి వస్తుంది. ఎక్కడెక్కడ వచ్చిందో కంప్యూటరు నిలువు గీతలుగా గీసి చూపిస్తుంది. ఆ గీతల్ని బట్టి లోపల అణువులు ఏ వరసలో కూర్చున్నాయో, ఆ పదార్థం పేరేమిటో చెప్పొచ్చు.

గీతలకూ లోపలి వరసకూ ఏం సంబంధం అంటావేమో. అది నాకు మొదట నేర్పింది నువ్వే. నాకు ఆరేళ్ళు. దాజీ పేట్ మేడ మీద దీపాలు పెట్టే వేళ తాత పాత పంచెను నా కళ్ళకు అడ్డం పట్టి, "అశోక్ చౌక్ దిక్కు చూడు" అన్నావు. ఒక్క దీపం నిలువునా అడ్డంగా విచ్చుకుని చుక్కల శిలువలా కనిపించింది. నీ కొంగుతో చూస్తే చుక్కలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. "నేత ఎంత దగ్గరుంటె దీపాలు అంత దూరం పోతయి. మీ తాత బట్ట ముట్టకుండనె పోగులెన్నో చెప్తడు చూడు" అన్నావు. మా సారు రెండు నెలలు చెప్పిన పాఠం అత్తా అది. ఉప్పుకల్లులోనూ పడుగు పేకలున్నాయి, మూడో వైపు కూడా ఉన్నాయి. ఆ సందులు మరీ చిన్నవి కాబట్టి దీపం వెలుగు చాలదు, ఎక్స్‌రే కావాలి.

పటిక, పటికబెల్లం, ఉప్పు, ఏదైనా సరే, పేరు దాచి పొడి చేసివ్వు. నాలుకకు తగిలించకుండా ఏదేదో చెప్పేస్తాను.

గొప్పలు చాలు. నిజం చెప్పనా? విసుగ్గా ఉంది. రెండేళ్ళుగా ఎవరికీ అక్కర్లేని పొడులు నూరుతున్నాను. ఎవరో ఒకరు నిజంగా తెలుసుకోవాలనుకున్న ప్రశ్న ఒక్కటైనా ఈ మిషనులో పెట్టాలని ఉంది.

నువ్వు చుట్టిన బీడీల్లో ఒక్కటైనా కాల్చని
నీ ఋతుజ


విడీ ఘర్కుల్, షోలాపూర్
20 జూన్ 2024

బిడ్డ ఋతుజకు, అత్త రాసేది.

నీ చీటి అందింది. పోస్టాయన తెచ్చి మయూరి చేతిల పెట్టిండు. మా కోడలు అటు తిప్పి ఇటు తిప్పి, "ఆయీ, హే కాయ్?" అని ఏందిదని అడిగింది. సంఘం మీటింగు కాయితం అని చెప్పిన. ఔ గావచ్చు అని పోయింది.

ఎక్స్‌రే అన్న మాట చదివినంక రెండు దినాలు నాకు తిండి పోలే. బీడీలు చుట్టేటోళ్ళం ఉండే ఈ ఘర్కుల్ల ఎక్స్‌రే అంటె ఛాతి దవాఖానే. సుందరాబాయికి తీసిండ్రు, ఆర్నెల్లు గోలీలు మింగింది. నీకు ఏమన్న బీమారి ఉండి, నా తమ్ముడు దాచిపెడుతుండా అని పరేశాన్ అయిన. మల్లొకసారి చదివితె, పొడులకు తీస్తవని సమజైంది. పొడులకు గూడ దగ్గుంటదా బిడ్డా?

పంచె సంగతి నీకింక యాదుందా! నాకు నేర్పింది మా నాయిన. అప్పుడు మా దాజీ పేట్ ఇంటిని చూస్తె నువ్వు నమ్మవు. ఇప్పుడు మీ నాయిన పవర్‌లూములు పెట్టిన జాగల నాలుగు రంగుల తొట్లుండె. మా నాయిన పెంటయ్య అద్దిన ఎరుపంటె పేటంత పేరు. ఐసు గడ్డలు కొట్టి తొట్ల ఏస్తుంటె, ఒక ముక్క నోట్ల ఏసుకుందామని నేను నిలవడుతుంటి. "రంగుల ఐసు అది, చస్తవు" అని కసురుతుండె. నూలు చిలపలు దండేల మీద ఆరేస్తె వీధికి వీధి పెండ్లిపందిరి లెక్క ఉండేది. కాలువ ఎర్రగ పారుతుండె. కొత్తోళ్ళు చూసి యాటను కోసిండ్రనుకునేటోళ్ళు.

మా అమ్మ ఎల్లమ్మవి మోచేతుల దాక ఎర్ర చేతులు. పెండ్లిళ్ళల్ల గోరింటాకు పెడతమంటె, "నాది పుట్టు గోరింట, మీరే పెట్టుకోండ్రి" అనేది. నువ్వు ఆమెను చూడలే. నాకు పదిహేడేండ్లప్పుడు పోయింది. మీ నాయినకు పన్నెండు.

ఈ చీటిల ఒక చిన్న పొట్లం పెట్టిన. మా పాతింటిది. ఏందో చూసి చెప్పు. నాలుకకు తాకియ్యకు. ఎందుకు అని అడుగకు.

మూడు దినాలాయె, తడి ఆకు వచ్చింది, బీడీలు చుడితె ఇప్పుకుంటున్నయి. ఉంట మల్ల.

చంద్రభాగ అత్త


హైదరాబాద్
6 జూలై 2024

అత్తా, అత్తా, అత్తా!

నీ పొట్లం విప్పడానికే పావుగంట పట్టిందంటే నమ్ము. ఎన్ని మడతలు పెట్టావు! పైన పాలకవరు, దాని లోపల పాత మరాఠీ పేపరు ముక్క, దాని లోపల ఎర్రంచు బట్టపేలిక, దాని లోపల చిటికెడు పొడి. రవ్వంత పసుపు ఛాయ ఉన్న తెల్లని కల్లు. చూడగానే అనుకున్నాను, ఇది తాత రంగుల రహస్యమని. ఎందుకు అని అడగొద్దన్నావు, అడగను. కానీ నేను పెంటయ్య మనుమరాలిని, నాకు తెలుసు!

మిషను కోసం పదిరోజులు వరసలో నిలబడ్డాను. ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయన తన సిమెంటు పొడులతో దాన్ని కదలనివ్వలేదు. మొన్న మధ్యాహ్నం నా వంతు వచ్చింది. సగం పొడే నూరాను. మిగతా సగం పేలికలోనే భద్రంగా ఉంది.

ఇప్పుడు విను. వంటుప్పు అయితే అన్నిటికన్నా ఎత్తైన గీత ముప్పై రెండు డిగ్రీలకు రవ్వంత ఇవతల లేవాలి. నీ పొడికి అక్కడ కాదు, ముప్పై దగ్గర లేచింది. ఇరవై మూడు దగ్గర ఇంకొకటి. తెలిసిన పదార్థాల గీతలన్నీ మా దగ్గర జాబితాగా ఉంటాయి, పోలీసుల దగ్గర వేలిముద్రల్లాగా. కలిపి చూశాను. అచ్చు సరిపోయింది. సోడియం నైట్రైట్! ఐసు గడ్డల మధ్య ఎర్రరంగు తయారు చేయడానికి అద్దకం వాళ్ళు వాడేది ఇదే. కొద్దిగా వంటుప్పు కూడా కలిసింది. దాని గీత చిన్నగా, సిగ్గుపడుతూ పక్కన నిలబడింది.

మా సారుకు చూపిస్తే, "నలభై ఏళ్ళ నాటి నమూనా ఎక్కడ దొరికిందమ్మా?" అన్నారు. మా అత్త కొంగుముడిలో అన్నాను. వచ్చే నెల నా ప్రసంగంలో దీన్ని చూపిస్తాను. మొదటిసారి ఈ మిషను నాకు చుట్టంలా అనిపించింది.

గీతల బొమ్మ నీకు చూపించమని సుమిత్ ఫోనుకు పంపాను. ముప్పై దగ్గరి గీత పక్కన నవ్వే ముఖం గీశాను. నీ కొడుకు దాన్ని చూసి, ఎవరి గుండె పరీక్ష ఇది అని అడిగాడు!

పెంటయ్యగారి రంగుల కార్ఖానాకు ఆఖరి వారసురాలు,
ఋతుజ


హైదరాబాద్
2 ఆగస్టు 2024

చంద్రభాగ అత్తకు,

నెల కావొస్తోంది, నీ నుంచి చీటి లేదు. సుమిత్‌కు ఫోన్ చేశాను. "ఆయి బాగనె ఉన్నది, జర మాట తక్కువైంది, అంతే" అన్నాడు. వెనక నుంచి మయూరి, "బొమ్మ చూసినంక అట్లయిందని చెప్పు" అనడం వినిపించింది.

తప్పు నాదే. ఇంట్లో ఎవరికీ తెలియకూడదనే కదా చీటీలు రాసుకుంటున్నాం. నేనేమో బొమ్మ సుమిత్‌కు పంపాను, సారుకు చెప్పాను, ప్రసంగంలో పెడతానన్నాను. తాత ఎరుపు గుట్టు బజారున పెట్టానని నీకు కోపం వచ్చి ఉంటుంది. అద్దకం వాళ్ళు కొడుక్కి కూడా చెప్పని గుట్టు అని నాన్న అంటుండేవాడు. ప్రసంగంలోంచి తీసేశాను. ఒట్టు.

తిట్టైనా ఒక చీటి రాయి.

ఋతుజ


విడీ ఘర్కుల్
11 ఆగస్టు 2024

బిడ్డా,

కోపం లేదు. గుట్టు గూడ లేదు. ఆ రంగు ఎట్ల చేస్తరో అప్పుడు దాజీ పేట్ల ప్రతి ఇంటికి తెలుసు.

సుమిత్ బొమ్మ చూపెట్టిన దినం నేను ఆకు, తంబాకు ఉన్న సూప ఒళ్ళె పెట్టుకొని బీడీలు చుడుతున్న. ఎత్తైన గీత, పక్కన నవ్వే మొకం. "ఋతుజ ఏందో కనిపెట్టిందట ఆయీ" అన్నడు. మూడు దినాలకు నీ చీటొచ్చింది. అటెన్క చుట్టినయి సగం పనికిరావని కార్ఖానల పక్కకు ఏసిండ్రు.

నీకు చెప్పాలె. ఎవ్వరికి చెప్పలే. నా పెనిమిటికి గూడ చెప్పలే, ఆయన ఇది ఇనకుండనే పోయిండు.

1981ల ఉగాదికి రెండు దినాల ముంగట. ఇంటికి సున్నం ఏసిన మరునాడు. ఇల్లంత ఆగమాగం ఉండె, సామాను ఎక్కడిదక్కడ లేకుండె. అమ్మ పొద్దుగాల నుంచి చిలపలు ఉతుకుతున్నది. "చెంద్రీ, జాడీల ఉప్పు అయిపోవచ్చింది చూడు" అన్నది. వంటింటి అల్మరల కాయితం పొట్లం కనవడ్డది. అప్పుడు దుకాన్ల ఉప్పు గూడ కాయితంలనే కట్టిస్తుండె. ఇప్పిన, జాడీల పోసిన, మూత పెట్టిన. చూడలే. పక్కింటి పోరితోని కొత్త గాజుల ముచ్చట్ల ఉన్న.

ఎండ నెత్తి మీదికొచ్చినంక అమ్మ వచ్చింది. అన్నం వద్దు అంబలి చాలన్నది. జాడీల చెయ్యి పెట్టి ఉప్పు తీసుకొని కలుపుకొని, లోటా ఎత్తి గటగట తాగింది. కొసకు మొకం అదో తీరు పెట్టి, "ఉప్పు ఎట్లనో ఉన్నది" అన్నది. తల తిరుగుతున్నదని గడపల కూసున్నది. పెదవులు చూసిన. నేరేడు పండ్లు తిన్నట్టు నీలం. గోర్లు గూడ. ఎర్ర చేతులు, నీలం గోర్లు. నేను కేకేసేలోపల ఒరిగింది.

డాక్టరు వచ్చి ఎండదెబ్బ, గుండె ఆగింది అన్నడు. అందరు అదే అనుకున్నరు. నాకు మాత్రం మా నాయిన మాట చెవుల తిరుగుతుండె. రంగుల ఉప్పు నోట్ల పడితె పెదవులు నీలమైతయి అని చిన్నప్పటి నుంచి భయపెట్టేటోడు. ఆ పొద్దుమూకినంక అందరు బయట ఏడుస్తుంటె, నేను వంటింట్ల జొచ్చి జాడీల నుంచి చిటికెడు తీసి, అమ్మ చీరె పేలికల మూట కట్టిన. నాలుక మీద ఏసుకొని చూద్దామనుకున్న. భయమైంది. పొద్దుగాల లేచి చూస్తె జాడీనే లేదు. చావైన ఇల్లు గదా, కుండలు పారేస్తరు, దాంతోని పోయిందనుకున్న.

నలభై మూడేండ్లు ఆ మూట నా పెట్టెల ఉన్నది. ఉప్పే అయితె, అమ్మది ఎండదెబ్బ. కాకుంటె నేను. సగం దినాలు అట్ల, సగం దినాలు ఇట్ల బతికిన. నువ్వు నాలుకకు తగిలియ్యకుండ చెప్తనని రాసినవు. అరవై నిండినయి, పైకి పోతె అమ్మ అడుగుతది, జవాబు పట్టుకొని పోవాలె అనుకున్న.

నువ్వేం తప్పు చెయ్యలే. అడిగిన, చెప్పినవు.

అత్త


హైదరాబాద్
19 ఆగస్టు 2024

అత్తా,

నీ చీటి మిషను గదిలో చదివాను. తర్వాత అక్కడ ఉండలేక బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నేను గీసిన ఆ నవ్వే ముఖాన్ని ఏం చేసి చెరపాలో తెలియడం లేదు. ఎవరో ఒకరి నిజమైన ప్రశ్న కావాలని కోరుకున్నదాన్ని, నువ్వు అడిగితే, పండగ కబురులా ఎగిరి గంతేసి చెప్పాను.

కానీ ఒక మాట విను. ఆ పొడిలో వంటుప్పు కూడా ఉందని రాశాను కదా. పుస్తకాలు తిరగేశాను. ఆ ఎర్రరంగుకు నైట్రైటూ కావాలి, నూలుకు రంగు బాగా పట్టాలంటే తొట్టిలో వంటుప్పూ వేస్తారు. రెండు ఉప్పులూ ఒక చోట ఉండేది రంగుల గదిలో! ఆ ఏడుపులో, ఆ చీకట్లో నువ్వు తీసింది రంగుల జాడీ నుంచేమో. సున్నం వేసి సామానంతా తారుమారైందని నువ్వే అన్నావు. మిషను ఇది ఫలానా అని చెబుతుంది. ఏ జాడీలోదో చెప్పదు. నువ్వు చెబితేనే అది వంటింటిది. నీకు పొరపాటు పడే హక్కు లేదా?

నాన్నను అడగనా? ఆ రోజు ఆయన కూడా ఉన్నాడు కదా. నీ పేరు ఎత్తను.

ఋతుజ


విడీ ఘర్కుల్
27 ఆగస్టు 2024

ఋతుజా,

నా మీద ప్రేమతోని వకీలు లెక్క రాసినవు. పణ్ బిడ్డా, వంటింటి జాడీకి మూత అంచు పగిలి ఉండె. చీకట్ల గూడ నా వేలుకు తెలుసు. మల్ల, నేను పొట్లం పోసినప్పుడు జాడీ అడుగున పాత ఉప్పు రెండు వేళ్ళ మందం మిగిలి ఉండె. దాని మీదనే పోసిన. నీ చిన్న గీత అదే. నువ్వు మెట్ల మీద కూసొని ఆలోచన చేసినవు, నేను సూప ముంగట కూసొని చేసిన.

ఇంకొక మాట గూడ చెప్త. మా నాయినకు ఎరుకే. ఎట్లంటవా? ఆ తర్వాత రెండేండ్లు ఆ ఇంట్ల వంట నేనే చేసిన. నేను కంచం పెట్టంగనె, ముద్ద ముట్టకముందు, కొత్త ఉప్పు జాడీ దగ్గరికి తీసుకొని, వేలు తడి చేసి, ఒక్క కల్లు అద్దుకొని నాలుక మీద పెట్టుకునేటోడు. జరసేపు ఆగేటోడు. అటెన్క నా తమ్మునికి తినుమని సైగ చేసేటోడు. దినాం రెండు పూటలు. నా కండ్లల్లకు చూడకపోయేది. ఒక్క మాట అనలే. అంటె బాగుండు. నా చేతి కూడును నమ్మక అట్ల చేస్తుండని, ఇంట్ల నుంచి ఎప్పుడు పోదామా అని చూసిన. పెండ్లి కుదిరితె మొగని మొకం గూడ సరిగ చూడలే, సరే అన్న.

మీ నాయిన్ను ఏం అడుగుతవో అడుగు. నాది మాత్రం చెప్పకు. రాఖీ కట్టించుకునే చెయ్యి అది.

అత్త


హైదరాబాద్
16 సెప్టెంబర్ 2024

చంద్రభాగ అత్తకు,

గణపతికి వచ్చి నీ దగ్గర గంటసేపు కూర్చున్నాను. చీటీల్లో ఇంత మాట్లాడుకున్నవాళ్ళం, ఎదురుబొదురుగా కూర్చుని ఆకులు కత్తిరించాం. మయూరి చాయ్ ఇచ్చింది, గంగుబాయి తన మనుమరాలి మార్కులు చెప్పింది, నువ్వు "హైదరాబాద్ నీళ్ళు పడ్తలెవ్వా, జుట్టు ఊడింది" అన్నావు. నేను పడ్తలెవ్వు అన్నాను. అంతే. బయటికొచ్చాక నా చేతిలో బీడీ ఆకు ఒకటి నలిగి ఉంది.

మన ఇంటి గణపతి నిమజ్జనానికి ముందు రోజు దాజీ పేట్‌లో కరెంటు పోయింది. మగ్గాలు ఆగితే మన వీధిలో మనుషులకు మాటలొస్తాయి కదా. నాన్న నూనె డబ్బా పట్టుకుని మగ్గం పక్కన కూర్చున్నాడు. అడిగాను, తాత రంగుల పని ఎందుకు మానేశాడని.

"ఏం తెల్వదు బిడ్డా. అమ్మ పోయిన మూడో దినం తొట్లన్ని పగలగొట్టిండు. రంగుల మందులన్ని మూటగట్టి తలావుల ఇడిచొచ్చిండు. అంతకుముందే, అమ్మ పోయిన తెల్లారే, ఒక జాడీ చేతుల పట్టుకొని పోంగ నేను చూసిన. వంటింటిది. ఎందుకు నాయినా అంటె, నోరుమూసుకో అన్నడు. అంత పేరున్న మనిషి, అటెన్క పరాయి మగ్గాల మీద కూలికి పోయిండు."

జాడీని తీసుకెళ్ళింది చావింటి కుండలు పారేసినవాళ్ళు కాదత్తా. తాత.

తర్వాత నేను మెల్లగా, తాత ఉప్పు రుచి చూసేవాడట కదా అన్నాను. నాన్న నవ్వాడు. "చూసేటోడా? సచ్చేదాక చూసిండు. మీ అమ్మ కొత్తగ కాపురానికొచ్చినప్పుడు నా వంట మీద నమ్మకం లేదా అని మూడు దినాలు అలిగి మాట్లాడలే. పెండ్లిళ్ళకు పోయినా అంతే, ఇస్తరి ముంగట కూసొని ముందుగాల ఉప్పు. చుట్టాలు పక్కున నవ్వుతుంటె నాకు సిగ్గయ్యేది." లోపలి నుంచి అమ్మ, "నవ్వు రాదా మల్ల? నీకు పాలపీక ఇచ్చేముందు గూడ పాలల్ల వేలు పెట్టి చూసిండు మీ తాత" అంది నాతో.

నాకూ గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు. బడికి డబ్బా కట్టే ముందు తాత వచ్చి అందులోంచి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, కాసేపు నిలబడి, మూత పెట్టేవాడు. ఆకలేమో అనుకునేదాన్ని. అమ్మ వంట, అత్తా. నీది కాదు. నువ్వు పెళ్ళయి పోయి అప్పటికి పాతికేళ్ళు.

ఇంకొకటుంది. దాన్ని ఎలా రాయాలో రైలంతా ఆలోచించాను. నాన్న అన్నది అన్నట్టే రాస్తాను.

"2009ల దవాఖానల, పోయే ముందటి దినం, నా చెయ్యి పట్టుకున్నడు. 'సిద్ధిగా, సున్నం ఏసేటప్పుడు తడుస్తదని ఆ పొట్లం తీసి వంటింటి అల్మరల పెట్టింది నేను. యాదిమర్సిన. మీ అమ్మను నేనే పొట్టన పెట్టుకున్న' అన్నడు. ఏం పొట్లం నాయినా అంటె చెప్పలే. 'అక్కకు తెల్వొద్దు. పిల్ల బతకదు' అన్నడు. జొరం నెత్తికెక్కింది, ఏందో అంటుండనుకున్న. ఇప్పటికి నాకు సమజ్ కాలే, ఏం పొట్లమో, అక్కకు ఎందుకు తెల్వొద్దో."

కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలయ్యాయి. నాన్న ఇంకా ఏదో అన్నాడు, వినపడలేదు.

నేనేమీ చెప్పలేదు. నీ మాట నిలబెట్టాను. తాత మాట మాత్రం తప్పాను, నీకు రాసేశాను కాబట్టి. ఇది ఆయన నీ నుంచి దాచిన కబురు. నీది నువ్వు ఆయన నుంచి దాచావు. ఒకే పొట్లం.

ఇక ఏం చేయాలో నీకే తెలుసు.

నీ ఋతుజ


విడీ ఘర్కుల్
5 అక్టోబర్ 2024

బిడ్డ ఋతుజకు,

నీ చీటి నాలుగుసార్లు చదివిన. మా నాయినకు నా మీద అనుమానం అనుకున్న. నా వయసు పిల్లలు నాయిన మీద అలుగుతరు, మాట్లాడుతరు, మల్ల కలుస్తరు. నేను అలుగకుండనె దూరమైన. పండగకు పోతె పొద్దుగాల పోయి మాపటికి వస్తుంటి, నన్ను అన్నట్టే ఆయన ఉప్పు నాలుక మీద పెట్టుకుంటుంటె చూడలేక. అన్ని పూటలు మా అందరి పానాల కోసం ముందుగాల తన నాలుక పెట్టిండని నాకేం ఎరుక! మందుల్ల పుట్టి పెరిగిన మనిషి, అది కొంచెమైనా ఏం చేస్తదో ఎరుకుండి పెట్టుకున్నడు.

మొన్న పెత్రమాస. దాజీ పేట్ పోయిన. పిలవకుండనె వచ్చిందేంది అక్క అని తమ్ముడు చూసిండు. అమ్మకు, నాయినకు ఇస్తర్లు పెట్టి మొక్కిండు. మీ అమ్మ లలిత అన్నం వడ్డిద్దామని కూసొమ్మన్నది. తిన్నంక చెప్పుదామంటె మల్ల చెప్పనని ఎరుకై, నిలవడే చెప్పిన. మగ్గాల చప్పుడుకు వినవడలే. "ఏందక్కా?" అన్నడు. గట్టిగ చెప్పిన. అయినా వినవడలే. మగ్గాలు బందు చేయించి మల్ల మొదటి నుంచి చెప్పిన. కార్ఖానల పనిచేసేటోళ్ళు గూడ ఇన్నరు. ఇననియ్యి.

మీ నాయిన ఇస్తర్ల ముంగటనె కూలవడ్డడు. చిన్నప్పుడు అమ్మను తీసుకపోతున్నప్పుడు ఏడ్చినట్టు ఏడ్చిండు. అటెన్క కోపం వచ్చింది. "నలభై మూడేండ్లు! నాకొక్క మాట చెప్పొద్దా?" అన్నడు.

"నీకప్పుడు పన్నెండేండ్లు. తర్వాత ఎప్పుడు చెప్పాలె రా? నీ పెండ్లి పీటల మీదనా?"

లలిత నా చెయ్యి పట్టుకొని కూసోవెట్టింది. తమ్ముడు కండ్లు తుడుసుకొని నాయిన ఇస్తరి దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

"ఆయనేమో సచ్చేటప్పుడు నేనే అన్నడు. నువ్వేమో ఇప్పుడు నేనే అంటున్నవు. నేను ఎవరి మాట పట్టుకోవాలె అక్కా?"

ఋతుజా, నీకు పొట్లం పంపిన దినం నేను కాదని చెప్తవేమో అని పంపిన. నలభై మూడేండ్లు ఆ ఒక్క మాట కోసమే కూసున్న. ఇప్పుడు తమ్ముడు నాకు ఆ మాట చేతిల పెడుతుండు. ఊ అంటె చాలు.

"నా మాట పట్టుకో తమ్మీ" అన్న. "పొట్లం ఎక్కడనన్న ఉండని, చూడకుండ పోసిన చెయ్యి నాది. నాయిన్ను ఇడిచిపెట్టు."

చంద్రభాగ